రాజ్యసభలో మన 11: ఒక్క బిట్ వెనక డెబ్బై ఏళ్ల కథ

‘రాజ్యసభలో ఆంధ్రప్రదేశ్‌కు ఎన్ని స్థానాలు?’ ఈ బిట్ కనిపిస్తే రెండో ఆలోచన లేకుండా 11 దగ్గర బబుల్ నింపేస్తారు. తెలంగాణకు 7, రెండూ కలిపితే ఉమ్మడి రాష్ట్రంలో 18. అంతవరకూ అందరికీ వచ్చు. కానీ రేపు గ్రూప్-1 ఇంటర్వ్యూలో బోర్డు సభ్యుడొకరు ‘అసలు ఆ 18 ఎక్కడి నుంచి వచ్చింది? జనాభా అంత పెరిగినా రాష్ట్రం విడిపోయేదాకా 18గానే ఎందుకు ఉండిపోయింది?’ అని అడిగారనుకోండి. అప్పుడు గైడు పుస్తకం ఆదుకోదు.

తిరుపతి బాలాజీ కాలనీలోనో, చిత్తూరులోనో గది తీసుకుని చదువుతున్నవాళ్లకు మాత్రం ఈ ప్రశ్నకు జవాబు చాలా దగ్గరలో ఉంది. సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కండి. రేణిగుంట, పుత్తూరు, ఏకాంబరకుప్పం దాటాక ఊళ్ల బోర్డుల మీద తెలుగు పోయి తమిళం వస్తుంది. ఆ తర్వాత తిరుత్తణి. కొండ మీద సుబ్రహ్మణ్యస్వామి గుడి. ఆడికృత్తికకు మన నగరి, పుత్తూరు వైపు నుంచి కావళ్లు ఎత్తుకుని పోయేది అక్కడికే. 1960 మార్చి 31 దాకా ఆ ఊరు చిత్తూరు జిల్లాదే. మర్నాటి నుంచి మద్రాసు రాష్ట్రానిది. ఆ మార్పుతో రాజ్యసభలో మద్రాసుకు ఒక సీటు పెరిగింది. 17 కాస్తా 18 అయింది. విచిత్రం ఏంటంటే, మనకు ఒక్కటి కూడా తగ్గలేదు.

అదెట్లా? ఇక్కడే లెక్క ఉంది. ఒక కాగితం తీసుకోండి.

నాలుగో షెడ్యూల్ లెక్క

రాజ్యసభకు ఏ రాష్ట్రం నుంచి ఎందరో రాజ్యాంగంలోని నాలుగో షెడ్యూల్ చెబుతుంది. అమెరికా సెనేట్‌లో పెద్ద రాష్ట్రమైనా చిన్న రాష్ట్రమైనా ఇద్దరే. కాలిఫోర్నియాకు ఇద్దరు, వయోమింగ్‌కూ ఇద్దరే. ఆస్ట్రేలియాలో ప్రతి రాష్ట్రానికీ 12 మంది. మన రాజ్యాంగ నిర్మాతలు ఆ సమానత్వం వద్దనుకున్నారు. అలాగని పూర్తిగా జనాభాకే వదిలేయలేదు. మధ్యేమార్గంగా ఒక సూత్రం పెట్టుకున్నారు. మొదటి 50 లక్షల జనాభాకు ప్రతి 10 లక్షలకు ఒక సీటు. ఆపైన ప్రతి 20 లక్షలకు ఒక సీటు. చివర్లో మిగిలిన ముక్క 10 లక్షలు దాటితే దానికీ ఒక సీటు, దాటకపోతే లేదు. చిన్న రాష్ట్రాలకు కొంచెం మొగ్గు, పెద్ద రాష్ట్రాలకు కొంచెం కళ్లెం అన్నమాట.

ఇప్పుడు 1951 జనాభా లెక్కలు తీసుకుందాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సరిహద్దుల్లో జనాభా 3,11,15,259. మొదటి 50 లక్షలకు 5 సీట్లు. మిగిలింది 2 కోట్ల 61 లక్షలు. 20 లక్షల చొప్పున 13 సార్లు పోతుంది, చివర లక్ష మిగులుతుంది. అది 10 లక్షలు దాటలేదు కాబట్టి వదిలేయాలి. 5 ప్లస్ 13, మొత్తం 18. మీరు బట్టీ పట్టిన 18 ఇదే.

తిరుత్తణి కలిసిన ఇప్పటి తమిళనాడు సరిహద్దుల్లో 1951 జనాభా 3,01,19,047. మొదటి 50 లక్షలకు 5. మిగతా 2 కోట్ల 51 లక్షల్లో 20 లక్షల ముక్కలు 12. చివర 11 లక్షలు మిగులుతుంది. 10 దాటింది, ఇంకో సీటు వచ్చేసింది. మొత్తం 18. ఈ లెక్కలో 3 కోట్ల గీత దాటితేనే 18, దాటకపోతే 17. మద్రాసు ఆ గీత దాటింది లక్ష చిల్లరతోనే! మన దగ్గరేమో గీత పైన ఇంకా 11 లక్షల మంది మిగులున్నారు. అందుకే తిరుత్తణి పోయినా మన అంకె కదల్లేదు. 1959లో పార్లమెంటు చేసిన ఆంధ్రప్రదేశ్, మద్రాసు సరిహద్దుల మార్పు చట్టం నాలుగో షెడ్యూల్‌లో మద్రాసు ఎదురుగా ఉన్న 17ను 18గా మార్చింది. 1960 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. నాలుగో షెడ్యూల్ కింద చిన్న అక్షరాల్లో ఫుట్‌నోట్లు ఉంటాయి చూడండి, వాటిని ఎవరూ చదవరు. నా మట్టుకు ఆ షెడ్యూల్‌లో అసలు చరిత్ర అంతా ఆ ఫుట్‌నోట్లలోనే ఉంది.

తిరుత్తణి ఊరికే పోలేదు. మా.పొ.శివజ్ఞానం నాయకత్వంలో తమిళ ఉద్యమకారులు తిరుపతి కూడా మాదేనన్నారు. చివరికి హెచ్.వి.పటాస్కర్ మధ్యవర్తిత్వంతో పంపకం జరిగింది. తిరుత్తణి, పళ్లిపట్టు అటు పోయాయి. చెంగల్పట్టు, సేలం జిల్లాల నుంచి కొన్ని గ్రామాలు ఇటు వచ్చాయి. సత్యవేడు ప్రాంతం మనకు వచ్చింది అప్పుడే. తిరుపతి మనకే ఉండిపోయింది.

ఆ రోజు కుర్చీలో ఉన్నదెవరు?

ఇంకో సంగతి. రాజ్యసభ తొలి ఛైర్మన్ సర్వేపల్లి రాధాకృష్ణన్. ఈ బిట్టూ మీకు వచ్చు. ఆయన పుట్టింది 1888 సెప్టెంబరు 5న, తిరుత్తణి దగ్గర, తెలుగు కుటుంబంలో. చిన్నప్పుడు కొన్నేళ్లు చదివింది తిరుపతిలోని లూథరన్ మిషన్ పాఠశాలలో. 1952 మే 13న రాజ్యసభ తొలిసారి సమావేశమైంది. అప్పటి నుంచి 1962 మే దాకా పదేళ్లు ఆయనే ఛైర్మన్. సభ పేరు మొదట కౌన్సిల్ ఆఫ్ స్టేట్స్. దాన్ని ఇకపై రాజ్యసభ అంటారని 1954 ఆగస్టు 23న సభలో ప్రకటించిందీ ఆయనే. సొంతూరు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మారిపోయి, ఆ లెక్క తను నడిపే సభలో ఒక సీటును పెంచిన సమయంలో కూడా ఆ పదవిలో ఉన్నది ఆయనే.

అదే కాలంలో లోక్‌సభ స్పీకర్ ఎవరో తెలుసా? మాడభూషి అనంతశయనం అయ్యంగార్. తిరుచానూరులో పుట్టి, చిత్తూరులో వకీలుగా పనిచేసినాయన. 1956 మార్చి నుంచి 1962 దాకా స్పీకర్. అంటే ఆరేళ్ల పాటు పార్లమెంటు ఉభయ సభలనూ నడిపిన ఇద్దరి ఊళ్ల మధ్యా దూరం, మన పాసింజర్ రైలుకు ఒక పూట ప్రయాణం కూడా కాదు. ఇట్లాంటి జత మళ్లీ ఏ జిల్లాకూ దొరికినట్టు నాకు తెలియదు. తర్వాత రాజ్యసభ ఛైర్మన్ కుర్చీలో కూర్చున్న తెలుగువాళ్లు వి.వి.గిరి, ఎం.వెంకయ్యనాయుడు.

27 నుంచి 12, 12 నుంచి 18

కథ మొదటికి వస్తే, 1952లో చిత్తూరు మద్రాసు రాష్ట్రంలో ఉంది. మద్రాసుకు రాజ్యసభలో 27 సీట్లు, హైదరాబాద్ రాష్ట్రానికి 11. ఈ అంకెలు 1941 జనాభా మీద వేసినవి. మద్రాసు కోటాలో తొలి రాజ్యసభకు వెళ్లినవాళ్లలో నెల్లూరు జిల్లా నుంచి పుచ్చలపల్లి సుందరయ్య, గుంటూరు జిల్లా నుంచి ఎన్.జి.రంగా, అనంతపురం నుంచి నీలం సంజీవరెడ్డి ఉన్నారు. సుందరయ్య సైకిల్ మీద పార్లమెంటుకు వెళ్లిన సభ్యుడు. 1955లో ఆంధ్ర అసెంబ్లీకి గెలిచి రాజ్యసభ వదిలేశారు. సంజీవరెడ్డి తర్వాత రాష్ట్రపతి అయ్యారు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మన వాటా 12. మద్రాసుకు 18 మిగిలాయి. 1956 నవంబరు 1న తెలంగాణతో కలిసి ఆంధ్రప్రదేశ్ అయినప్పుడు 1951 లెక్కలతో మళ్లీ కట్టారు. మనకు 18, మద్రాసుకు 17.

అంతే. ఆ తర్వాత ఈ సూత్రాన్ని దేశమంతటికీ కొత్త జనాభాతో మళ్లీ వేసింది లేదు. కొత్త రాష్ట్రాలు వచ్చినప్పుడు, సరిహద్దులు మారినప్పుడు మాత్రమే అంకెలు కదిలాయి. అంటే ఇవాళ మనకున్న 11 కూడా 1951లో మన తాతముత్తాతల తలలు లెక్కపెట్టి ఇచ్చిన 18లో ముక్కే. 2011 జనాభా సుమారు 4.95 కోట్లకు అదే సూత్రం వేస్తే ఆంధ్రప్రదేశ్‌కు ఒక్కదానికే 27 రావాలి. కావాలంటే వేసి చూడండి. అయితే అన్ని రాష్ట్రాలకూ అలా వేస్తే మొత్తం 80వ అధికరణ పెట్టిన 238 పరిమితిని ఎప్పుడో దాటేస్తుంది. నియోజకవర్గాల పునర్విభజన మీద దక్షిణాది రాష్ట్రాల్లో ఇంత చర్చ జరుగుతోంది కదా, అందులో రాజ్యసభ మాట ఎవరూ ఎత్తరు. మెయిన్స్ వ్యాసంలో మీరు ఎత్తండి.

చీటీలు తీసి పంచిన సభ్యులు

2014లో 18ని పంచారు. రాష్ట్ర పునర్విభజన చట్టం ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7 అంది. అప్పటికే సభలో ఉన్న సభ్యులు ఏ రాష్ట్రానికి చెందుతారు? పుట్టిన ఊరు బట్టి కాదు, లాటరీ బట్టి! మే నెలాఖరులో చీటీలు తీశారు. తెలంగాణ ఉద్యమ నేత కె.కేశవరావు ఆంధ్రప్రదేశ్ సభ్యుడయ్యారు. కడప జిల్లాకు చెందిన సి.ఎం.రమేశ్ తెలంగాణ సభ్యుడయ్యారు. కె.వి.పి.రామచంద్రరావుదీ అదే దారి. 2009లో తిరుపతి ఎమ్మెల్యేగా గెలిచి, 2012లో రాజ్యసభకు వెళ్లిన చిరంజీవి ఆంధ్రప్రదేశ్ వాటాలోకి వచ్చారు. ఆయన వెళ్లడం వల్లనే 2012లో తిరుపతికి ఉప ఎన్నిక వచ్చింది, పెద్దవాళ్లకు గుర్తుంటుంది. మన జిల్లాలో పుట్టిన ఇంకో నటుడు మోహన్‌బాబు 1995 నుంచి 2001 దాకా రాజ్యసభ సభ్యుడు.

లాటరీ చూసి నవ్వుకోవచ్చు. కానీ అప్పటికే ఊరికీ సీటుకీ ముడి తెగిపోయి చాలాకాలమైంది. ఒకప్పుడు రాజ్యసభకు నిలబడాలంటే ఆ రాష్ట్రంలో ఓటరై ఉండాలి. 2003లో ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి దేశంలో ఎక్కడ ఓటరైనా చాలన్నారు. కుల్‌దీప్ నయ్యర్ కేసులో 2006లో సుప్రీంకోర్టు అది చెల్లుతుందని తీర్పిచ్చింది. కర్ణాటకకు చెందిన జైరాం రమేశ్ 2004, 2010లో మన రాష్ట్రం నుంచి వెళ్లారు. మహారాష్ట్ర నుంచి సురేశ్ ప్రభు 2016లో, గుజరాత్ నుంచి పరిమళ్ నత్వానీ 2020లో మన కోటాలో ఎన్నికయ్యారు. మన నెల్లూరు జిల్లా వెంకయ్యనాయుడేమో కర్ణాటక నుంచి మూడుసార్లు, రాజస్థాన్ నుంచి ఒకసారి.

దీన్ని తప్పు అనాలా, ఒప్పు అనాలా? ఒక రోజు తీసుకుని చూడండి. 2014 ఫిబ్రవరి 20. విభజన బిల్లు రాజ్యసభ ముందుకొచ్చింది. కొత్త ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదా కావాలని గట్టిగా పట్టుబట్టిన గొంతుల్లో వెంకయ్యనాయుడిది ఒకటి. ఆ రోజు ఆయన కర్ణాటక సభ్యుడు. ప్రధాని మన్మోహన్ సింగ్ లేచి అయిదేళ్లు ప్రత్యేక హోదా ఇస్తామని సభలో హామీ ఇచ్చారు. ఊరివాడు పక్క రాష్ట్రం సీటులో ఉండి మనకోసం మాట్లాడాడు. మాట వచ్చింది. హోదా మాత్రం రాలేదు.

ఎందుకంటే అది సభలో చెప్పిన మాట, చట్టంలో రాసింది కాదు. అదే చట్టం పదమూడో షెడ్యూల్‌లో ఒక ఐఐటీ, ఒక ఐసర్, ఒక ఐఐఎం, ఒక ఎన్ఐటీ అని అక్షరాలా రాశారు. 2015లో తిరుపతికి ఐఐటీ, ఐసర్ రెండూ వచ్చాయి. సభలో ఇచ్చిన హామీకీ, షెడ్యూల్‌లో ఎక్కిన వాక్యానికీ తేడా ఏంటో పాలిటీ పుస్తకంలో వెతకక్కర్లేదు. ఏర్పేడు దగ్గర ఐఐటీ ప్రాంగణం చూస్తే చాలు.

మరి మీ ఓటు ఎక్కడుంది?

రాజ్యసభ సభ్యుణ్ని మీరు నేరుగా ఎన్నుకోరు. మీ ఎమ్మెల్యే ఎన్నుకుంటారు. పాత చిత్తూరు జిల్లాలో 14 అసెంబ్లీ స్థానాలు. ఇప్పుడు అవి తిరుపతి, చిత్తూరు, అన్నమయ్య అంటూ జిల్లాలుగా చీలినా, 175లో ఆ 14 ఓట్లు అలాగే ఉన్నాయి.

కోటా లెక్క ప్రిలిమ్స్‌కు పనికొస్తుంది. ఒక్కో ఓటు విలువ 100 అనుకుంటారు. మొత్తం 17,500. నాలుగు సీట్లకు ఎన్నిక అయితే 17,500ని అయిదుతో భాగించి ఒకటి కలపాలి. 3,501 వస్తుంది. 35 మంది ఎమ్మెల్యేలుంటే 3,500 మాత్రమే, ఒక్క పాయింటు తక్కువ! కాబట్టి 36 మంది కావాలి. 2020 జూన్‌లో ఇదే జరిగింది. నాలుగు సీట్లకు అయిదుగురు నిలబడ్డారు. వైఎస్సార్‌సీపీ అభ్యర్థులు నలుగురికీ 38 చొప్పున వచ్చాయి. తెలుగుదేశం అభ్యర్థి వర్ల రామయ్యకు 17. బ్యాలెట్‌ను పార్టీ ఏజెంటుకు చూపించి వేయాలి, ఇదీ 2003 సవరణ తెచ్చిందే. నోటా ఈ ఎన్నికకు వర్తించదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఒకే సీటుకు ఉప ఎన్నిక అయితే కథ మారిపోతుంది. సగానికి పైన, అంటే 88 మంది కావాలి. దీని ప్రభావం 2024లో కళ్లారా చూశాం. ఆ ఏప్రిల్‌లో రాష్ట్రం నుంచి 11 సీట్లూ వైఎస్సార్‌సీపీవే. తెలుగుదేశానికి రాజ్యసభలో ఒక్కరూ లేరు. పార్టీ పుట్టిన తొలినాళ్ల తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. రెండు నెలలు తిరగకుండానే అసెంబ్లీ ఫలితాలొచ్చాయి. వైఎస్సార్‌సీపీకి ఎమ్మెల్యేలు 11 మంది. అసెంబ్లీలో 11, రాజ్యసభలో 11! రాజ్యసభ రద్దు కాదు, రెండేళ్లకోసారి మూడో వంతు మాత్రమే మారుతుంది కాబట్టి నిన్నటి అసెంబ్లీ నీడ ఢిల్లీలో ఇంకా నడుస్తూనే ఉంటుంది. అయితే సభ్యులు రాజీనామా చేస్తే ఆ నీడ త్వరగా తొలగిపోతుంది. ముగ్గురు రాజీనామా చేశారు. డిసెంబరు ఉప ఎన్నికల్లో ఆ మూడూ ఏకగ్రీవంగా కూటమికి వెళ్లాయి. 11 మందితో 88 ఎక్కడి నుంచి తెస్తారు?

చదువుకు, ఉద్యోగానికి

ఇదంతా పరీక్ష కోసమే అనుకోవద్దు. ఎంపీ దగ్గర పరిశోధన చేసిపెట్టే సహాయకులుగా యువతను తీసుకునే ల్యాంప్ ఫెలోషిప్‌ను పీఆర్ఎస్ సంస్థ 2010 నుంచి నడుపుతోంది. డిగ్రీ ఏదైనా ఫర్వాలేదు, వయసు 25 దాటకూడదు. సివిల్స్ తయారీకి ఇంతకు మించిన పాఠశాల లేదంటాను. రాజ్యసభ సచివాలయం విద్యార్థులకు ఇంటర్న్‌షిప్‌లు, పరిశోధకులకు ఫెలోషిప్‌లు ఇస్తుంది. పెద్ద పరిశోధకులకు ఇచ్చే పీఠం పేరు రాధాకృష్ణన్‌దే. సచివాలయంలో సహాయకులు, రిపోర్టర్లు, అనువాదకుల పోస్టులుంటాయి. 2018 నుంచి రాజ్యసభలో ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లోనూ మాట్లాడే వీలుంది కాబట్టి తెలుగు నుంచి అప్పటికప్పుడు ఇంగ్లిష్, హిందీల్లోకి చెప్పగలిగినవాళ్ల అవసరమూ ఉంటుంది. తెలుగు మీడియం అని తల దించుకునేవాళ్లు ఈ పని గురించి ఒకసారి ఆలోచించండి. నోటిఫికేషన్లు తరచుగా రావు, వచ్చినప్పుడు వదలొద్దు.

ఇంటర్వ్యూకు వెళ్లేవాళ్లకు ఇంకో పని. రాజ్యసభలో ప్రశ్నోత్తరాల రోజున నక్షత్ర గుర్తు ప్రశ్నలు 15, గుర్తు లేనివి 160 దాకా వస్తాయి. జవాబులన్నీ సభ వెబ్‌సైట్లో దొరుకుతాయి. తిరుపతి అనీ, చిత్తూరు అనీ కొట్టి వెతకండి. మీ జిల్లా గురించి ఎవరు అడిగారు, ఏ రాష్ట్రం సభ్యుడు అడిగారు, మంత్రి ఏం చెప్పారు, ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. మామిడి గుజ్జు గురించో, రైల్వే లైను గురించో అడిగింది మన 11 మందిలో ఒకరా, వేరే రాష్ట్రం వాళ్లా అన్నది చూస్తే మీకే కొన్ని సంగతులు తెలుస్తాయి. 30 ఏళ్లు నిండితే మీరూ పోటీ చేయొచ్చు, అది వేరే విషయం.

చివరగా, రైల్వే పరీక్షకు చెన్నై సెంటర్ పడి తిరుత్తణి మీదుగా వెళ్లేటప్పుడు టైంపాస్‌కు రెండు లెక్కలు. 1951లో ఇప్పటి కర్ణాటక సరిహద్దుల్లో జనాభా 1,94,01,956. కేరళలో 1,35,49,118. సూత్రం వేసి ఎన్నెన్ని సీట్లు వస్తాయో కట్టండి. నాలుగో షెడ్యూల్‌లో కర్ణాటక ఎదురుగా 12, కేరళ ఎదురుగా 9 ఉన్నాయి. మీకూ అంతే వస్తే, సూత్రం వచ్చేసినట్టే.